అనధికార పూత

ఊరందరి ఇళ్లకూ పూత వేసే అబ్బులు సొంత పెరట్లో మామిడి చెట్టుకి తొమ్మిదేళ్లుగా పూత లేదు. మోదుగుమిల్లి పట్టణంలో ఈ సంగతి తెలియనివాళ్లు ఇద్దరే ఇద్దరు. నిన్న పుట్టినవాడొకడు, మొన్న బదిలీ మీద వచ్చిన మునిసిపల్ కమిషనరు గారొకరు.

అబ్బులు పెయింటరు. సున్నం రోజుల నుంచి డిస్టెంపరు మీదుగా ఎమల్షన్ దాకా అన్ని రంగులూ చూసినవాడు. పనికెళ్లిన ప్రతిచోటా ఒకటే ఎకసెక్కం. “ఏం మేస్త్రీ, మా గోడకి రెండు కోట్లేశావు, మీ చెట్టుకి ఒక్క కోటన్నా పడలేదా?” అబ్బులు నవ్వేసేవాడు. పగిలిన గోడకి పుట్టీ పెట్టడం వచ్చినవాడికి పగిలిన మనసుకి నవ్వు పెట్టడం ఏమంత పని.

ఇంట్లో మాత్రం ఆ పుట్టీ నిలిచేది కాదు. భార్య నూకరత్నం వీధరుగు మీద ఇడ్లీలు వేసి అమ్ముతుంది. ఇడ్లీ ఎంత మెత్తనో మాట అంత గట్టి.

“కడియం నుంచి కొబ్బరిమావిడి అంటని చెప్పి తెచ్చావు. అది అంటు కాదయ్యా, మనల్ని అంటుకున్న శని. ఈ మాఘం వెళ్లేలోగా పూసిందా సరేసరి. లేదంటే గొడ్డలి పెట్టించి ఆ జాగాలో వంటపాక ఏయించేస్తాను” అంది ఆ ఏడు.

ఈ మాట ఆవిడ చెట్టు కింద నిలబడే అంది. చెట్లకు చెవులుంటాయో లేదో శాస్త్రజ్ఞులు తేల్చాలి గాని, నూకరత్నం గొంతుకి చెవులు అక్కర్లేదు. మాఘం ఇంకా రెండు రోజులుందనగా తెల్లారి ఆవిడ మొగుణ్ణి కుదిపి లేపింది.

“ఏవయ్యో, లెగు. మన చెట్టు పూసింది.”

“ఏం రంగు?” అన్నాడు అబ్బులు కళ్లు తెరవకుండానే.

“నీ మొహం రంగు. లెగిసి చూడు ముందు.”

చూశాడు. కొమ్మకొమ్మకీ లేత పసుపు గుత్తులు. అడుగున ఒక కొమ్మ మాత్రం తొమ్మిదేళ్ల మొహమాటం వదలక ఊరుకుంది. అబ్బులు చెట్టు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. వృత్తిరీత్యా అలవాటైన కన్నుతో చూసినా ఎక్కడా మరక లేదు, చార లేదు, కుచ్చు గుర్తు లేదు. ఇంత నున్నగా తను ఏ గోడకీ వేయలేదని మనసులో ఒప్పుకున్నాడు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో చట్టం మారింది. గొడ్డలి మాట ఎత్తిన నూకరత్నమే చెట్టుకి కావలి కాసింది. పొగ తగులుతుందని పెరట్లో పొయ్యి తీసి వీధివైపు పెట్టింది. పెయింటు కుచ్చులు టర్పెంటైన్‌తో కడగడం చెట్టుకి పది గజాల దూరంలో అని గీత గీసింది. “ఆ చెట్టు కింద దగ్గకు” అని కూడా అంది. ఈ ఏడు ఎలాగైనా తన పెరటి మామిడి ముక్క తన చేత్తో కోయాలి. అంతే ఆవిడ కోరిక. ఇంత చిన్న కోరికకి అడ్డుపడాలంటే చాలా పెద్ద వ్యవస్థ కావాలి. అదృష్టవశాత్తూ అది ఆ ఊళ్లో ఉంది.

కమిషనరు పరంధామం గారు ప్రాసప్రియులు. వాక్యం చివర ప్రాస పడకపోతే ఆయనకి శ్వాస ఆడదు. ఆ సంవత్సరం పైనుంచి ఒక లేఖ వచ్చింది: ఉగాది నాటికి అందరికన్నా ముందు వసంతానికి సిద్ధపడిన పట్టణానికి ‘వసంత సంసిద్ధ పురస్కారం’ ఇస్తారని. వసంతం చెప్పకుండా వచ్చేది గనక ఇన్నేళ్లూ ఎవరూ దానికి సిద్ధపడలేదు. పరంధామం గారు ఆ లోటు తీర్చదలచారు. ఒక సాయంత్రం కూర్చుని ఉత్తర్వు రాశారు. మర్నాటికల్లా అది ఊళ్లో గోడగోడకీ అంటించి ఉంది:

“వసంత ఋతువు మన పట్టణమునకు విచ్చేయుచున్న శుభ సందర్భమున ప్రతి గృహమును, పెరడును సర్వసన్నద్ధముగా ఉండవలెను. నేల మీద ఎండుటాకు కనబడరాదు. ఉగాది నాటికి ఇంటికి పూత, చెట్టుకి పూత. పూత లేనిచో కోత.”

కోత అంటే కుళాయి కోత అని కమిషనరు గారి ఉద్దేశం. ప్రాస కుంటుపడుతుందని ‘కుళాయి’ కొట్టేశారు. దాంతో కరెంటాఫీసు వాళ్లు కరెంటు కోత అనుకున్నారు. ఊరవతల రైతులు వరి కోత అనుకున్నారు. మంగలి షాపు ముందు మాత్రం పొద్దున్నే నలుగురు బిక్కుబిక్కుమంటూ వరసలో నిలబడ్డారు.

చెట్టుకి పూత అంటే పువ్వనే ఆయన ఉద్దేశం. ఇంటికి రంగు, చెట్టుకి పువ్వు, రెంటికీ ఒకటే మాట. రాసినప్పుడు ఆయనకే ముచ్చటేసింది, తెలుగు ఎంత పొదుపరి భాష అని. కాని ఫైలు అమలు నిమిత్తం ఇంజనీరింగ్ విభాగానికి వెళ్లింది. ఆ విభాగంలో ముప్ఫై ఏళ్లుగా ఏదీ తనంతట తాను పూసిన దాఖలా లేదు. ఇంజనీరు ఏకాంబరం గారికి తెలిసిన పూత ఒకటే. అది డబ్బాలోంచి వస్తుంది. ఆయన ఫైలు మీద ఇలా రాశారు: “పూత అనగా ఉపరితలముపై కుచ్చుతో పూయబడు ద్రవపదార్థము. చెట్టు కూడ ఉపరితలము కలిగియున్నందున పూతకు అర్హము.” కింద రంగు కూడా నిర్ణయించారు, ‘వసంత హరితం’. పట్టణంలోని చెట్లన్నీ ఒకే ఆకుపచ్చగా లేకపోవడం ఆయన్ని ఎప్పటినుంచో బాధిస్తోంది.

అబ్బులుకి మొదట పండగే అనిపించింది. ఊరంతా ఒక్కసారి వసంతానికి సిద్ధపడితే పెయింటరుకి అంతకు మించిన వసంతం ఏముంది. ఆఫీసులో ఫోటో తీసి, మెళ్లో కార్డు వేశారు, ‘అధికృత పూత నిపుణుడు’ అని. అతని వార్డుకి అతనొక్కడే. లైసెన్సు లేనివాడు ఇక మీదట ఆ వార్డులో ఏదీ పూయకూడదు.

రెండో రోజు ఒక ప్లీడరు గారింట్లో గోడ పూర్తయ్యాక ఆయన వేపచెట్టు చూపించాడు.

“దీనిక్కూడా లాగించెయ్ అబ్బులూ.”

“మొదలుకా అండి?”

“మొదలుకి అంటే ఉత్తర్వులో మొదలని ఉండాలి. చెట్టు అని ఉంది. ఆకులు చెట్టు కాదని రేపు నేను కోర్టులో వాదించగలనా?”

“ఆకులు ఆకుపచ్చగానే ఉన్నాయి కదండీ.”

“అది ఆకుపచ్చ. వాళ్లు అడిగింది వసంత హరితం.”

అబ్బులు మొదలుకి వేసి, ఆకులకి తన నిచ్చెన పొట్టిదని చెప్పి బయటపడ్డాడు. ప్లీడరు ఊరుకోలేదు. పొడుగు నిచ్చెన ఉన్నవాణ్ణి పక్క వార్డు నుంచి రప్పించాడు.

వారం తిరిగేసరికి మోదుగుమిల్లి సంసిద్ధత ముదిరి పాకాన పడింది. వేపలూ, మునగలూ, జామలూ నిగనిగా మెరిసిపోతూ నిలబడ్డాయి. కాకులు వాలి, కాళ్లు అంటుకుని, తెలుగులో లేని మాటలు అరిచి ఎగిరిపోయాయి. ఒకాయన అరటిచెట్టుకి నిండా రంగు వేయించుకుంటే తెల్లారేసరికి అది రంగు లేని కొత్త ఆకు ఒకటి వేసింది. ‘అనుమతి లేకుండా రాత్రికి రాత్రి అదనపు అంతస్తు నిర్మించిన’ నేరానికి దానికి నోటీసు అంటించారు. రిటైరైన డ్రిల్లు మాస్టరు గారు ఎండుటాకు నేల మీద కనబడరాదన్న నిబంధనకి కట్టుబడి, బాదంచెట్టు ఎక్కి, రాలబోయే ఆకులన్నిటినీ దారంతో కొమ్మలకి కట్టేశారు. మొత్తం పట్టణంలో శిశిరం ఆ ఒక్క ఇంట్లోనే క్రమశిక్షణతో ఉందని పూతాధికారులు మెచ్చుకున్నారు.

అవును, పూతాధికారులు. వార్డుకొకరు. అబ్బులు వార్డుకి వచ్చినాయన పేరు సదానందం. అంతకు ముందు దోమల విభాగం. దోమని చంపడంలో ఓడిపోయినా, దోమ చచ్చినట్టు రాయడంలో జిల్లాలో ఆయనకి సాటి లేరు. పెద్ద రిజిస్టరు చంకన పెట్టుకుని ఒక మంగళవారం అబ్బులు పెరట్లోకి వచ్చాడు.

“ఇంటికి పూత?”

“ఉందండి. ఆదివారం నేనే ఏసుకున్నాను.”

“చెట్టుకి పూత?”

“ఆయ్, ఉందండి.” అబ్బులు గొంతులో తొమ్మిదేళ్ల ఎదురుచూపు పలికింది. “చెట్టు నిండా ఉందండి.”

“శభాష్. ఎన్ని కోట్లు?”

“కోట్లేటండి, మా కొంపలో.”

“కోటింగులయ్యా.”

“లెక్కెట్టలేదండి. ఒకేసారి వచ్చేసింది.”

“ఏ కంపెనీ?”

ఇడ్లీ పిండి కలుపుతున్న నూకరత్నం తలెత్తింది. “దేవుడి కంపెనీ.”

సదానందం ఆమోదిత కంపెనీల జాబితా పైనుంచి కిందికి వేలు పెట్టి చూశాడు. “ఆ కంపెనీ మన లిస్టులో లేదమ్మా. పోనీ, పూసింది ఎవరు?”

“ఎవరూ పూయలేదండి” అన్నాడు అబ్బులు. “చెట్టే పూసింది.”

సదానందం కలం ఆగిపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు.

“చెట్టే పూసిందా. చెట్టుకి లైసెన్సుందా?”

“చెట్టు పూయడానికి లైసెన్సేంటండి బాబూ.”

“పూయువారు ఎవరైనను లైసెన్సు పొందియుండవలెను. ‘ఎవరైనను’ అన్నాక అందులో మనిషీ ఉన్నాడు, మానూ ఉంది. నేను మనసులో చెట్టు పక్షమే అనుకో. కాని మినహాయింపు ఎక్కడుంది, చూపించు.”

అంటూనే దగ్గర ఉన్న గుత్తిని రెండు వేళ్లతో రుద్ది చూశాడు. పువ్వులు పొడిపొడిగా చేతికి వచ్చాయి.

“చూశావా. పట్టు లేదు. ముట్టుకుంటే చేతికొచ్చేస్తోంది” అని రిజిస్టరులో అక్షరాలా అదే రాసుకున్నాడు.

“చెయ్యి తియ్యి బాబూ” అంది నూకరత్నం. ఆవిడ ఎప్పుడు లేచిందో, చీపురు ఎప్పుడు చేతిలోకి వచ్చిందో ఎవరూ చూడలేదు. “నీకు పెళ్లాం పిల్లలు ఉన్నారా?”

“ఉన్నారమ్మా.”

“అయితే తొరగా తియ్యి.”

సదానందం చెయ్యి తీశాడు గాని కలం తీయలేదు. ప్రహరీ అవతలికి వెళ్లి, అక్కడ నిలబడి నోటీసు రాసి, గోడ మీద నుంచి అందించాడు. పై చెట్టునకు గల అనధికార పూతను ఏడు రోజులలోగా గీకి తొలగించి, వసంత హరితముతో రెండు కోటింగులు అధికృత నిపుణునిచే వేయించవలెను. లేనిచో కుళాయి కోత. నిపుణుడు నిరాకరించినచో లైసెన్సు కోత.

“అధికృత నిపుణుడంటే ఎవరండి?” అన్నాడు అబ్బులు, తెలిసే.

“మీ వార్డుకి నువ్వేగా. ఇదిగో, ఇక్కడ ఇంటి యజమానిగా ఒక సంతకం. అక్కడ మేస్త్రీగా ఒక సంతకం.”

అబ్బులు తనకి తాను నోటీసు ఇచ్చుకుని, తన దగ్గర తాను పుచ్చుకున్నాడు.

ఆ పూట ఇంట్లో పొయ్యి మీద ఇడ్లీలు ఉడుకుతుంటే పక్కనే నూకరత్నం ఉడికింది.

“ఆ చెట్టు మీద రేకు పెట్టి గీకావంటే, అదే రేకు పెట్టి నీ గడ్డం గీస్తాను. చెప్పలేదనకు.”

“గీకకపోతే లైసెన్సు పోద్దే. కుళాయి పోతే నీ ఇడ్లీలకి నీళ్లు?”

“నీళ్లు కాలవ నుంచి మోసుకొస్తా. ఈ పువ్వు ఎక్కణ్ణుంచి మోసుకొస్తావు నువ్వు?”

అబ్బులు లేచి చెట్టు కిందికి నడిచాడు. గోడ పాడైతే మళ్లీ వేయగలడు. ఇది తను వేసింది కాదు. గీకితే ఇంకో తొమ్మిదేళ్లో, ఎప్పటికీ లేదో. వారంలో ఆరు రోజులు అతను ఊళ్లో వాళ్ల పాత పూతలు గీకుతూనే ఉన్నాడు. ఆ చప్పుడు అంత చెడ్డగా ఉంటుందని అప్పటిదాకా వినలేదు.

ఆరో రోజు కమిషనరు గారి ఆఫీసుకి వెళ్లాడు. ముందు ఉద్యానవన విభాగం. అక్కడి గుమాస్తా చాలా మర్యాదస్తుడు.

“పువ్వులు మా పరిధే మేస్త్రీ. కాని కుండీలో ఉన్నంతవరకే. నేలలో నాటితే అది భూమి, రెవెన్యూ వాళ్లది. మనిషి ఎత్తు దాటితే నిర్మాణం, ఇంజనీరింగ్ వాళ్లది. మీ చెట్టుని కుండీలోకి దింపి తీసుకొస్తే ఇప్పుడే సంతకం పెడతాను.”

తర్వాత కమిషనరు గారి గది. ఆ తలుపులకీ ద్వారబంధానికీ ముందు రోజు అబ్బులే రంగు వేసి వెళ్లాడు. గదిలో పరంధామం గారూ, ఏకాంబరం గారూ, సదానందమూ కూర్చుని పురస్కారం కమిటీకి ఏం చూపించాలో మాట్లాడుకుంటున్నారు. అబ్బులు కార్డు సరిచేసుకుని నమస్కారం పెట్టాడు.

“అయ్యా, తమరు కాయితం మీద రాసిన పూత అంటే పువ్వే కదండీ.”

పరంధామం గారు ఏకాంబరం గారి వైపు చూడకుండా ఉండటానికి ఫ్యాను వైపు చూశారు. తర్వాత మెల్లగా అన్నారు. “అబ్బులూ, నువ్వు కష్టజీవివి, నీతో అబద్ధమాడను. రాసినప్పుడు పువ్వే. సంతకం పెట్టినప్పుడూ పువ్వే. ఫైలు కిందికి వెళ్లి తిరిగొచ్చేసరికి పెయింటు. ఇప్పటికి పదకొండు వందల చెట్లు పూర్తయినట్టు పైకి నివేదిక వెళ్లింది. చెట్టు ఏటేటా పూస్తుందయ్యా. ఫైలు వెనక్కి పూయదు.”

“ద్వంద్వార్థములకు తావు లేదు” అన్నారు ఏకాంబరం గారు. “ఒకే పట్టణంలో రెండు పూతలుంటే పరిపాలన సాగదు. గీకవలసినదే.”

“కానీ చూశావూ” అన్నారు పరంధామం గారు, ఓదార్పుగా. “గీకుట బాధ, గీకకుంటే గాథ.” ప్రాస పడినందుకు ఆయన మొహం ఒక్క క్షణం వికసించింది. ఆ ఊళ్లో ఆ వారం అనుమతితో వికసించింది అదొక్కటే.

అప్పుడు టీ పట్టుకుని అటెండరు వచ్చాడు. గుమ్మం దగ్గర ఆగి, ట్రే నెత్తిన పెట్టుకుని, పొట్ట లోపలికి పీల్చి, పక్కవాటుగా నడిచి, తలుపుకి చీమంత దూరంలో లోపలికి జారాడు. అతని వెనక ఒక ఫైలు గుమాస్తా. అతనూ అంతే, పక్కవాటుగా. కమిషనరు గారు చెయ్యి కడుక్కోవడానికి లేచి, తన గదిలోంచి తానే, పంచె కుచ్చిళ్లు బిగపట్టుకుని, ఎండ్రకాయలా అడ్డంగా బయటికి నడిచి, అలాగే అడ్డంగా తిరిగొచ్చారు.

ద్వారబంధానికి ఒక కాగితం అంటించి ఉంది. అబ్బులు చేతి రాతే: ‘తడి ఆరలేదు. ముట్టరాదు.’

అబ్బులు ఆ కాగితం వైపు చాలాసేపు చూశాడు. ఇరవయ్యేళ్లుగా ప్రతి ఇంట్లో అంటిస్తున్నాడు గాని, దాని అధికారం ఎంతో ఎప్పుడూ కొలవలేదు. చట్టాన్ని లెక్కచేయనివాడు ఉన్నాడు, దేవుణ్ణి లెక్కచేయనివాడు ఉన్నాడు. తడి రంగుని లెక్కచేయనివాడు మాత్రం ఇంతవరకు అతనికి తగల్లేదు.

“అయ్యగారూ” అన్నాడు ఏకాంబరం గారితో, ఏమీ తెలియనివాడిలా. “తడి మీద గీకితే ఏమవుద్దండి?”

“అదేం ప్రశ్న. ఉపరితలం నాశనమవుతుంది. తడి ఆరనిదే గీకరాదు, పై కోటింగ్ వేయరాదు. మొదటి పాఠం.”

“మా చెట్టు పూత తడేనండి.”

“ఎవరన్నారు?”

“సదానందం గారే రాశారండి. ముట్టుకుంటే చేతికి వస్తోందని.”

సదానందం రిజిస్టరు తెరిచి చదివాడు. ఉంది. తన చేతి రాతే. తను రాసిన నిజం ఎదురుపడటం ఆయన సర్వీసులో ఇదే మొదటిసారి కావడంతో ఎలా తప్పుకోవాలో తోచలేదు.

ఏకాంబరం గారు ముందుకి వంగారు. మొదటిసారి ఆయన కళ్లలో చెట్టు మీద ఆసక్తి కనిపించింది. “మంగళవారం నాటి తడి ఇంకా ఆరలేదా. ఏం రకం అది?”

“నెమ్మదిగా ఆరే రకవండి. పువ్వు ప్రైమరు. పిందె మొదటి కోటింగు. కాయ రెండో కోటింగు. పసుపు తిరిగిందంటే ఫినిషింగు. వైశాఖం దాకా పూర్తిగా ఆరదండి. మధ్యలో ముట్టుకున్నామా, మొత్తం ఊడిపోద్ది.”

“నాలుగు దశలు” అన్నారు ఏకాంబరం గారు గౌరవంగా. “మన టెండరు సరుకుకి రెండే. మంచి కంపెనీయే అయ్యుంటుంది.”

“మరి గడువు?” అన్నారు పరంధామం గారు.

“తడి విషయంలో గడువు వర్తించదు సార్. నియమావళిలోనే ఉంది.”

గంటలో ఫైలు తయారైంది. సాయంత్రానికి మామిడి చెట్టు మొదలు దగ్గర కర్ర పాతి, మునిసిపల్ ముద్రతో రేకు బోర్డు తగిలించారు. అక్షరాలు అబ్బులే ఎర్రగా దిద్దాడు: ‘పూత తడిగా ఉన్నది. ఆరువరకు ఎట్టివారును ముట్టరాదు. కమిషనరు వారి ఉత్తర్వు.’

“ఎట్టివారును అంటే?” అంది నూకరత్నం.

“ఎవరైనా సరే అని.”

“బాగుంది. ఆ మాట కొంచెం లావుగా రాయి.”

ఇలా ఆ ఊళ్లో ఒక్క చెట్టుకి పువ్వు మిగిలింది. ఫాల్గుణం సగమయ్యేసరికి పువ్వు రాలి పిందె కట్టింది. పిందె పెరిగి నిమ్మకాయంతయింది. సదానందం వారానికోసారి వచ్చి, ప్రహరీ అవతలే నిలబడి, “ఆరిందా?” అని అడిగి, “లేదండి” అనిపించుకుని, “పూత ఆరుచున్నది” అని రాసుకుని వెళ్లిపోయేవాడు. ఆ రిజిస్టరులో నిజమైన వాక్యం అదొక్కటే.

ఉగాది రానే వచ్చింది. పురస్కారం కమిటీ పది గంటలకి వస్తుంది. ఆఫీసు ముందు పందిరి, పంచాంగం చదవడానికి సిద్ధాంతి గారు, అందరికీ ఉగాది పచ్చడి. పచ్చడికి ‘వేప పూత, ఒక కిలో’ అని స్టోర్సుకి ముందే ఇండెంటు వెళ్లింది. స్టోర్సు వారు అక్షరం పొల్లుపోకుండా, వేప రంగు పెయింటు డబ్బా ఒకటి తెప్పించి, మూత తీసే స్క్రూడ్రైవరుతో సహా వంటవాడి చేతిలో పెట్టారు. వంటవాడు డబ్బా మీద ఉన్న పుర్రె బొమ్మ చూసి, ఉద్యోగం పోయినా ఇది మాత్రం కలపనని కూర్చున్నాడు. అసలు వేపపువ్వు కోసం నలుగుర్ని పంపారు. నాలుగు దిక్కుల నుంచీ చేతులకి వసంత హరితం పూసుకుని ఖాళీగా తిరిగొచ్చారు. మామిడికాయ కోసం పంపారు. ఊళ్లో ఏ చెట్టునా పిందె లేదు. ఊళ్లో పచ్చదనానికి లోటు లేదు. పచ్చడికే లోటు.

“ఒక్క చోట ఉంది సార్” అన్నాడు సదానందం.

తొమ్మిదిన్నరకి పరంధామం గారు పట్టుపంచెలో, వెనక ఏకాంబరం గారు, ఆయన వెనక సదానందం, అబ్బులు పెరట్లోకి వచ్చారు. నూకరత్నం గడపకి పసుపు రాస్తోంది.

“అమ్మా, ఊరి పరువు” అన్నారు పరంధామం గారు. “రెండు కాయలు ఇప్పించు.”

“మా తండ్రే, రెండేం ఖర్మ, నాలుగు కోసుకోండి. మీరు పెద్దోరు, అడగాలా” అని ఆవిడ లేచి పసుపు చేత్తో బోర్డు చూపించింది. “కాని బాబుగారూ, తడి ఆరలేదటండి. నాకు చదువు తక్కువ. ‘ఎట్టివారును’ అంటే ఎవరండి?”

పరంధామం గారు చదువుకున్నారు. కింద ‘కమిషనరు వారి ఉత్తర్వు’ అన్నది కూడా చదువుకున్నారు. చెయ్యి చాచితే అందేంత ఎత్తులో కాయ ఉంది. ఆయన చెయ్యి సగం లేచి అక్కడే ఆగింది.

“ఏకాంబరం గారూ, సడలింపు ఇవ్వవచ్చునా?”

“ఇవ్వవచ్చు సార్. సడలించామంటే పూత ఆరినట్టు. ఆరినదంటే తక్షణం గీకి వసంత హరితం వేయాలి. గీకితే కాయ ఉండదు. కాయ కోసమే గదా సడలింపు.”

“సడలించకపోతే?”

“పూత ఆరనట్టు. పూత ఆరలేదంటే ఉగాది నాటికి పట్టణ సంసిద్ధత పూర్తి కానట్టు. సంసిద్ధత పూర్తికాకుండా వసంతం వస్తే అది ఉత్తర్వులకు విరుద్ధం.”

“కమిటీ వాళ్లు వచ్చేస్తున్నారయ్యా.”

“అందుకే సార్. వసంతాన్ని ఆపడం ఒక్కటే మార్గం.”

పరంధామం గారు అక్కడే, మామిడి చెట్టు నీడలో నిలబడి, సదానందం వీపు మీద కాగితం పెట్టి నాలుగు పంక్తులు రాశారు. ఆయన జీవితంలో ప్రాస లేని ఉత్తర్వు అదొక్కటేనంటారు. ముగ్గురూ వెళ్లిపోయారు. గేటుకి రంగు ఎప్పుడో ఆరిపోయినా, అలవాటు కొద్దీ అడ్డంగానే వెళ్లారు.

వాళ్లు మలుపు తిరిగాక నూకరత్నం కత్తిపీట తెచ్చి అరుగు మీద వేసుకుంది. పైటకొంగు బిగించి, బోర్డుని పక్కకి జరిపి, చెట్టుకున్న కాయల్లో ఒకదాన్ని ఎంచి ఎంచి తెంపింది. తొడిమ దగ్గర సొన బొటబొటా కారింది.

“ముట్టరాదన్నారుగదే” అన్నాడు అబ్బులు, భయం కన్నా మురిపెం ఎక్కువైన గొంతుతో.

“నాకు చదువు తక్కువని ఇప్పుడేగా ఇన్నావు.”

కాయ కోసింది. టెంక ఇంకా ముదరలేదు, కత్తిపీట మెత్తగా దిగిపోయింది. ముక్క తెల్లగా ఉంది. పులుపు వాసన పెరడంతా పరుచుకుంది. మునిసిపల్ సరిహద్దు దాటి కాలవగట్టు అవతల ఏ అధికారీ పూయని వేపచెట్టు ఒకటి ఉంటే, అబ్బులు పొద్దున్నే వెళ్లి గుప్పెడు పువ్వు దూసుకొచ్చాడు. కొత్త బెల్లం, చింతపండు పులుసు, ఉప్పు, కారం. నూకరత్నం చేత్తో కలిపి, మొదటి ముద్ద మొగుడి నోట్లో పెట్టింది. అతని కళ్లు మూసుకుపోయాయి.

“ఎలాగుంది?”

“తొమ్మిదేళ్లు ఒకేసారి పులిసినట్టుందే.”

అప్పుడే వీధిలోకి మైకు కట్టిన ఆటో వచ్చింది. “మోదుగుమిల్లి పుర ప్రజలకు విజ్ఞప్తి. పూత ఆరనందున వసంత ఋతువు తదుపరి ఉత్తర్వుల వరకు వాయిదా వేయడమైనది. ఈలోగా ప్రజలెవరును వసంతమును అనుభవించరాదు” అని చదువుతున్నాడు ఆటో అబ్బాయి, తెల్లవారుజాము నుంచీ ఏమీ తినని గొంతుతో.

నూకరత్నం గిన్నె పట్టుకుని వీధిలోకి వెళ్లింది.

“అబ్బాయ్, ఆపు. పండగ పూట ఖాళీ కడుపుతో అంత అరుపేంటి. ఇంద.”

“డ్యూటీలో ఉన్నానమ్మా.”

“తినేదాకా మైకు కట్టెయ్.”

అతను అటూ ఇటూ చూసి, మైకు కట్టేసి, ఆటో నీడన గొంతుక్కూర్చుని గిన్నె అందుకున్నాడు. మామిడి ముక్క కొరికాడు, పళ్లు జివ్వుమన్నాయి. వేపపువ్వు నమిలాడు, మొహం చిట్లించి నవ్వాడు. ఆ గిన్నె ఖాళీ అయ్యేదాకా మోదుగుమిల్లిలో వసంతం వాయిదా పడలేదు.